తుహిన కడుపులో తిరిగే గ్యాసు

బెంగాల్ కృష్ణనగర్‌లో మా ఇంట్లో వేలికి దెబ్బ తగిలినా గ్యాసేనంటారు. అందుకే మా తమ్ముడి భార్య తుహిన కడుపులో గడ్డ చేతికి తగులుతోందనగానే మా జేఠూ, అంటే పెదనాన్న భూతనాథ్, తీర్పు చెప్పేశాడు.

"నిన్న ఎడమ పక్కన్నావు, ఇవాళ కుడి పక్కంటున్నావు. ఇలా ఊరేగేది గ్యాసు కాక దేవుడా, కోడలు పిల్లా? వాము నీళ్లు తాగు."

నెలల తరబడి తాగింది. ఇంట్లో వాము తగ్గింది గాని గడ్డ తగ్గలేదు. చివరికి స్కాను చేసిన డాక్టరు, ఇది అండాశయం గడ్డలా ఉంది, గర్భసంచితో సహా తీసేద్దామన్నాడు. తుహిన బిడ్డ కోసం ఎదురుచూస్తున్న మనిషి.

"సంచి మీరుంచుకుంటే నా సామాను ఎక్కడ పెట్టుకోవాలండీ?" అని లేచొచ్చేసి, కొల్‌కతాలో డాక్టర్ మైత్రేయి లాహిరి దగ్గరికి వెళ్లింది.

ఆవిడ ఎమ్మారై తీయించింది. "ఇది అండాశయానిది కాదమ్మా. గర్భసంచి బయటి గోడకు తొడిమతో వేలాడుతున్న ఫైబ్రాయిడ్. ఎప్పుడో గాని కనపడని రకం. అందుకే అటూ ఇటూ ఊగుతోంది. తొడిమ కోస్తే చాలు, సంచి ఉంటుంది. తొడిమ మెలిపడకముందే చేద్దాం."

పొట్టకు చిన్న కన్నాలు పెట్టి బత్తాయంత గడ్డను ముక్కలుగా తీశారు. పరీక్షలో కేన్సరు కాదని తేలింది. సంచి భద్రం.

చూడటానికొచ్చిన జేఠూ, తెచ్చిన సందేశ్ మిఠాయి సగం తనే తిని గట్టిగా త్రేన్చాడు.

"పొద్దుట్నుంచీ ఇంతే. గ్యాసు!"

"నర్సమ్మా," అంది తుహిన, "మా జేఠూని ఎమ్మారైలోకి తొయ్యండి. ఆయన గ్యాసుకి తొడిమ ఉందేమో చూద్దాం."