కీ ముట్టుకోవద్దన్న వాచీ

2025 ఆగస్టు నాలుగో తేదీ, సోమవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది ఆవ పెట్టిన కంద బచ్చలి కూర, మజ్జిగ. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నానంటే, అది ఒక నోటుపుస్తకం మొదటి పేజీలో నా చేతిరాతతోనే ఉంది. రాయమన్నవాడు వాచీల బుజ్జిబాబు. కూర పంపింది అతని భార్య వీరవేణి.

“ఏం తిన్నానో కూడా రాయాలా?” అన్నాను.

“రాయాలండి. తినేటప్పుడు చెయ్యి కదులుద్ది కదండీ.”

“వాచీ కట్టింది ఎడం చేతికి. నేను తినేది కుడి చేత్తో.”

“మరి మజ్జిగ గ్లాసు ఏ చేత్తో పట్టుకుంటారండి?”

మజ్జిగ కూడా రాశాను.

నా పేరు ఆశీర్వాదం. బీయస్సీ చదివి, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు గోదావరి నీటిమట్టం రీడింగులు రాసిన గుమస్తాని. వరద ఉన్నా లేకున్నా గేజీ మీద కనిపించిందే రాశాను. రిటైరయ్యాక రాజమండ్రిలో, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఇల్లు తీసుకున్నాం. మూడేళ్ళ క్రితం నా భార్య తబిత పోయింది. అప్పటినుంచి సాయంత్రాలు ఆ సందు మొదట్లో ఉన్న బుజ్జిబాబు కొట్టులో కూర్చుంటున్నాను. ఎందుకొచ్చావని అతను ఒక్కరోజూ అడగలేదు. అదే చాలా పెద్ద ఉపకారం.

బుజ్జిబాబు పద్నాలుగో ఏట వాచీల పని నేర్చుకోడానికి మేనమామ దగ్గర స్టూలెక్కి కూర్చున్నవాడు, అరవై ఏళ్ళొచ్చినా దిగలేదు. సెల్లుతో నడిచే వాచీలు వచ్చాక పక్క కొట్లవాళ్ళంతా ఫోన్ల కవర్లలోకి మారిపోయారు. ఇతను మాత్రం పాత కుట్టుమిషను భాగాలతో సొంతంగా చిన్న లేతు తయారుచేసుకుని, దాని మీద పళ్ళ చక్రాలు కోసుకుంటూ ఉండిపోయాడు. మా చర్చి గడియారానికి చెమ్మకి తుప్పు పట్టని ఇత్తడి చక్రం చేశాడు. రొయ్యల చెరువులో గంటకోసారి మేత జార్చే స్ప్రింగు పెట్టె చేశాడు. దాన్ని చూసి వెళ్ళిన ఒకాయన మోటారు తగిలించి తనదని అమ్ముకున్నాడు. బుజ్జిబాబు చేసినవన్నీ పనిచేశాయి. ఒక్కదాని మీదా అతని పేరు లేదు.

ఇప్పుడు ఈ వాచీ. చేతి ఊపుకి తనంతట తానే స్ప్రింగు చుట్టుకునే వాచీలు ఎప్పటినుంచో ఉన్నాయి. కాని అవి ఊపే చేతులకే. మంచం పట్టినవాళ్ళకీ, కుర్చీకి అతుక్కుపోయినవాళ్ళకీ కడితే ఆగిపోతాయి. కదలని మనిషి చేతికి కట్టినా నడిచే వాచీ చెయ్యాలని బుజ్జిబాబు ఆరేళ్ళుగా కూర్చున్నాడు. వెంట్రుకంత సన్నటి రెండు స్ప్రింగుల మీద చిన్న బరువు ఒకటి వేలాడదీశాడు.

“రేవులో కట్టేసిన పడవని చూడండి. గాలి లేకపోయినా ఊగుతానే ఉంటది. ఇదీ అంతేనండి. ఊపిరి తీస్తే చాలు, కదులుద్ది.”

“సెల్లు వేస్తే పోయేదానికి ఇదంతా ఎందుకయ్యా?” అన్నానొకసారి.

“సెల్లు అయిపోయాక మార్చే మనిషి ఇంట్లో ఉండాలి కదండీ,” అన్నాడు తల ఎత్తకుండానే.

చిక్కెక్కడ వచ్చిందంటే, అతని చేతికున్నంతసేపూ అది ఆగదు. అతను నిలకడగా ఉంటే కదా. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, నిలబడితే వేళ్ళు బల్ల మీద దరువేస్తాయి.

“ఈయన చేతికి కడితే ఇటుకరాయి కూడా టిక్కు టిక్కుమంటదండి అన్నయ్యగారూ,” అంది వీరవేణి.

“అందుకే మీకు కడుతున్నానండి,” అన్నాడు బుజ్జిబాబు. “మీ అంత కదలని మనిషి ఈ ఊళ్ళో లేరు.”

“ఇది పొగడ్తేనా?”

“ఆయ్.”

షరతు ఒక్కటే. సమయం సరిచేసుకోవడానికి పక్కన కీ ఉంది. దాన్ని తిప్పితే స్ప్రింగు బిగుస్తుంది. “అప్పుడు నడిచింది నా మెలిక వల్లో మీ వేళ్ళ వల్లో తెలీదండి. ముప్పై రోజులు కీ మాత్రం ముట్టుకోకండేం.” తోటలో చెట్లన్నీ నీవే, ఆ ఒక్కటి తప్ప అన్నంత గట్టిగా చెప్పాడు. స్ప్రింగులో బలం ఎంత మిగిలిందో చూపడానికి డయలు మీద అడుగున ఇంకో చిన్న ముల్లు ఉంది.

బెంగుళూరులో చిన్న వాచీల కంపెనీ నడిపే మురళీకృష్ణ గారనే ఆయన వేసవిలో వచ్చి దీన్ని చూశాడు. ముప్పై రోజుల లెక్క సరిగా ఉంటే తానే చేయిస్తానని, వెనక మూత లోపల బుజ్జిబాబు పేరు చెక్కిస్తానని మాటిచ్చాడు. సెప్టెంబరు నాలుగున మళ్ళీ వస్తాడు.

“నలభై ఆరేళ్ళండి,” అన్నాడు బుజ్జిబాబు నా చేతికి పట్టీ బిగిస్తూ. “ఒక్కదాని మీదన్నా ఉండాలి కదండీ నా పేరు.”

నాలుగో రోజు పొద్దున్న అయిదింటికి లేచి చూస్తే వాచీ మూడుంబావు దగ్గర ఆగి ఉంది.

చెబుదామనే కొట్టుకి బయలుదేరాను. మెట్ల దగ్గర వీరవేణి ఎదురై, గొంతు తగ్గించి, “రాత్రి ఈయన నిద్రపోయాడండి అన్నయ్యగారూ. మూడు నెలల తర్వాత. గురక కూడా పెట్టాడు,” అంది, ఎవరికైనా ఉద్యోగం వచ్చిన కబురు చెప్పినట్టు. లోపలినుంచి బుజ్జిబాబు, “ఎలా ఉందండి మనోడు?” అని కేకేశాడు.

“బానే ఉన్నాడు,” అన్నాను, చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటూ.

ఆగిందని అనలేకపోయాను. అంతే. మా వైపు మనుషులకి ఇదొక జబ్బు. పెళ్ళిభోజనంలో కడుపు పగులుతున్నా ‘చాలు’ అనలేం, బాగా లేనిదాన్ని బాగా లేదనలేం. సందు తిరిగాక వాచీ విప్పి, డయలు పైకి పెట్టి, రెండుసార్లు తట్టి, కీ ఇరవైసార్లు తిప్పాను. నడిచింది. నోటుపుస్తకంలో ‘నడుస్తోంది’ అని రాశాను. నా జన్మలో నేను రాసిన మొదటి తప్పుడు రీడింగు అది.

వారం తిరక్కుండా మళ్ళీ ఆగింది. మళ్ళీ తిప్పాను.

ఇక ఆ తర్వాత నాకు కాలు నిలవలేదు. ఎలాగైనా అది కీ లేకుండానే నడిస్తే, నేను రాసిన అబద్ధం వెనక్కెళ్ళి నిజమైపోతుందనిపించింది. పొద్దున్నే గోదావరి గట్టు మీద ఎర్ర నీళ్ళని చూస్తూ నడిచేవాణ్ణి, ఎడం చెయ్యి సైనికుడిలా ఊపుకుంటూ. కరెంటు ఉన్నా విసనకర్రతో విసురుకునేవాణ్ణి. చర్చిలో కీర్తన పాడేటప్పుడు తాళం ఎడం చేత్తో వేశాను. ఒకరోజు కాకినాడ బస్సు వెనక సీటులో కూర్చున్నాను, అక్కడ కుదుపెక్కువని. కాకినాడలో దిగి, అదే బస్సులో అదే సీటులో తిరిగి వచ్చాను. కండక్టరు రెండోసారి టికెట్టు కొడుతూ నా ముఖం చూశాడు. “కిటికీ పక్కకి జరగండి, గాలొస్తది,” అన్నాడు తప్ప సంగతేమిటని అడగలేదు. ఆ మంచితనానికి నాకు సిగ్గేసింది. ఇంటికొచ్చి, ‘రోజంతా కుర్చీలోనే’ అని రాశాను. ఆ రాత్రి కూడా ఆగింది.

కదలని మనిషని ఏరి కట్టిన వాచీ నన్ను ఊరంతా తిప్పుతోంది. తిప్పీ తిప్పీ రాత్రి ఆగిపోతోంది.

కాని చేతికి పట్టిన అలవాటు ఊరుకోదు. గేజీ చూశాక అంకె రాయకపోతే నాకు అన్నం సయించదు. మొదటిసారి ఆగిన రోజునే అదే నోటుపుస్తకాన్ని తిరగేసి, చివరి పేజీ నుంచి రాయడం మొదలుపెట్టాను. ఎన్ని గంటలకు ఆగింది, చిన్న ముల్లు ఎక్కడుంది, చెయ్యి ఎలా ఉంది, కీ ఎన్నిసార్లు తిప్పాను. ముందునుంచి అబద్ధం, వెనకనుంచి నిజం. రెండూ రోజుకింత ఒకదానివైపొకటి వస్తున్నాయి.

సెప్టెంబరు మూడు, బుధవారం సాయంత్రం, పుస్తకం చంకలో పెట్టుకుని కొట్టుకి వెళ్ళాను. ముప్పై రోజులూ ముందురోజే నిండాయి. తెల్లారితే మురళీకృష్ణ గారు వస్తారు. వెనక పేజీలు చింపేయడానికి దారిలో రెండుసార్లు ఆగాను. చింపలేదు. చెప్పే ధైర్యమూ రాలేదు.

బుజ్జిబాబు కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు, రేపు ఎలా ఉంటుందో చూసుకోవడానికట. నా చేతినుంచి వాచీ విప్పుకున్నాడు. పుస్తకం లాక్కుని పైకి చదవడం మొదలుపెట్టాడు.

“‘పదకొండో రోజు. నడుస్తోంది. పెసరట్టు.’ వీరవేణీ, విన్నావా? ‘పంతొమ్మిదో రోజు. రోజంతా కుర్చీలోనే. నడుస్తోంది.’ రోజంతా కుర్చీలోనేనంట!”

“విన్నానులే. సందంతా విన్నారు,” అంది వీరవేణి. కాని ఆమె కూడా నవ్వుతోంది.

బుజ్జిబాబు సొరుగు లాగి గడ్డిపోచంత సన్నటి రంపం తీశాడు. “ఇంక దీనికి కీ ఎందుకండీ? కోసేస్తాను. రేపు ఆయన చేతిలో కీయే లేని వాచీ పెడతాను. టైము సరిచెయ్యడానికి వెనక చిన్న చిల్లు చాలు.” వాచీని బిగింపులో పెట్టి, కంటికి అద్దం తగిలించుకున్నాడు.

నేను అతని మణికట్టు పట్టుకున్నాను.

“ఆగు బుజ్జిబాబూ. అది ఆగింది. ఏడుసార్లు ఆగింది. నేనే కీ తిప్పాను.”

అతని మోకాలు ఆగిపోయింది. అతణ్ణి అంత నిశ్చలంగా నేనెప్పుడూ చూడలేదు. కంటి అద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

“మీరాండీ?” అన్నాడు. “ఒక్క అంగుళం తప్పు రాయలేదని మీరే చెప్పుకుంటారు కదండీ. నా దగ్గరికొచ్చేసరికి నా మీద జాలేసిందా? ఆ మేత పెట్టె పట్టుకుపోయినాయనే నయమండి. దొంగతనం చేసినా, పనిచెయ్యనిదాన్ని పనిచేసిందనలేదు.”

“జాలి కాదయ్యా, మొహమాటం,” అంది వీరవేణి. “మొన్న మా పిన్నిగారు ఉప్పు లేని పులుసు పోస్తే నువ్వు రెండుసార్లు పోయించుకోలేదూ?”

“పులుసు వేరు!”

“వేరే. అన్నయ్యగారు చేసింది తప్పే.” ఆమె నా వైపు చూడకుండా అంది. అలా అనడమే నాకు కొంచెం ఊపిరి ఇచ్చింది.

నేను పుస్తకాన్ని తిరగేసి వెనకనుంచి అతని ముందు పెట్టాను. “నిజం ఇక్కడ ఉంది.”

అతను ముట్టుకోలేదు. వాచీ రిపేరుకి వచ్చినవాడి సొద వినేటప్పుడు చూసినట్టు, ఒక కంటితో చూశాడు. తర్వాత దగ్గరికి లాక్కున్నాడు. వేలు వరుస వెంట నడిచింది, ఆగింది, మళ్ళీ మొదటికి వెళ్ళింది.

“మొదటిసారి ఆగేదాకా మీరు కీ ముట్టుకోలేదు కదా? ఒట్టు?”

“ముట్టుకోలేదు.”

“మరి చిన్న ముల్లు సగంలో ఉందని రాశారేంటండి?”

“సగంలోనే ఉంది. కనిపించిందే రాశాను.”

“స్ప్రింగులో సగం బలం ఉండగా ఆగిందండి!” అతను లేచి నిలబడ్డాడు. “అంటే మూడు రోజులు చుట్టుకుంటానే ఉందండి. నా బరువు పనిచేసిందండి. ఇంకేదో అడ్డం పడింది. మీరు కీ తిప్పినందుకు కాదు మళ్ళీ నడిచింది. తిప్పే ముందు డయలు పైకి పెట్టి తట్టి ఉంటారు చూడండి, అందుకు నడిచింది.” మళ్ళీ పుస్తకంలోకి వంగాడు. “ఏడుసార్లూ ‘అరచెయ్యి పైకి’ అని ఉంది. ఎవరండీ అరచెయ్యి పైకి పెట్టుకుని పడుకునేది?”

“తబిత జబ్బుగా ఉన్న రోజుల్లో రాత్రిళ్ళు భయపడేది,” అన్నాను. “చెయ్యి పట్టుకోడానికి వీలుగా పెట్టుకునేవాణ్ణి. అలా అలవాటైపోయింది.”

వీరవేణి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టింది. బుజ్జిబాబు చీటీ మీద ‘అరచెయ్యి పైకి’ అని రాసుకుని, వాచీ వెనక మూత విప్పి, డయలు కిందికి వచ్చేలా తిప్పి, అద్దంలోంచి చూశాడు. బరువు తన స్ప్రింగుల మీద వెంట్రుకవాసి కిందికి జారి పక్క చక్రాన్ని రాసుకుంటోంది. పైకి తిప్పి తడితే వదిలేస్తోంది. అతను బల్ల మీద ఎప్పుడూ బిగింపులో నిలువుగా పెట్టే చూశాడు. అతని చెయ్యి ఎన్నడూ అలా వెల్లకిలా పడుకుని ఉండదు.

“మంచాన ఉన్నోళ్ళు అలాగే పెట్టుకుంటారేమోనండి,” అన్నాడు మెల్లగా. “వాళ్ళ కోసమని చేసి, వాళ్ళెలా పడుకుంటారో చూడలేదు.”

అప్పుడే ఫోను తీశాడు. మురళీకృష్ణ గారు స్టేషనుకి బయలుదేరుతున్నారట. “ఇంకా కాలేదండి… ఆయ్, ఆగిందండి… లెక్క కూడా తప్పేనండి, ఒక్క రీడింగే పనికొస్తది… నేనే చెప్తున్నానండి, ఇంకెవరు చెప్తారు?” నా పేరు ఎక్కడా ఎత్తలేదు. అటునుంచి ఆయన, అయితే టికెట్టు మానుకుంటానని, దసరా అయ్యాక చూద్దామని అన్నారట. ఆ ‘చూద్దాం’లో లోతెంతో కొలిచే గేజీ నా దగ్గర లేదు. బుజ్జిబాబు దగ్గరా లేదు. ఫోను పెట్టేసి కొత్త చొక్కా విప్పి మేకుకి తగిలించి, పాతది వేసుకున్నాడు.

గంటసేపు ఆకురాయితో ఆ బరువు అంచు అరగదీశాడు. పిండిలాంటి ఇత్తడి రజను కాగితం మీద రాలింది. నేను వెళ్ళిపోదామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ తలెత్తకుండానే, “కూర్చోండి,” అన్నాడు.

మూత బిగించాక నా ఎడం చెయ్యి లాక్కుని, అడక్కుండానే వాచీ కట్టాడు.

“ఇవాళ మొదటి రోజు. ఈసారి ముందునుంచే నిజం రాయండి. ఆగితే ఆగిందని రాయండి. నాకేం కాదు.”

“కట్టడానికి ఇంకెవరూ దొరకలేదా?”

“అరచెయ్యి పైకి పెట్టుకునేవాళ్ళు దొరకొద్దూ,” అన్నాడు. ముఖం ఇంకా బిగిసే ఉంది.

వీరవేణి లైటు ఆర్పింది. ఆ కొట్టుకి ఆరు చెక్క పలకల తలుపు. రోజూ అతను ఒకటొకటి ధడేలున గాడిలోకి తోస్తే, నేను రెండో వైపు పట్టుకుంటాను. ఆ రోజూ అలవాటుగా మొదటి పలక పట్టుకోబోయాను.

“మీరొద్దండి,” అన్నాడు. “చెయ్యి కదపకండి.”

వీధిలో పక్కకి నిలబడ్డాను. అతను పలకల్ని ఒక్కొక్కటే ఎత్తి, చప్పుడు కాకుండా గాడిలోకి జార్చాడు. ఆరోదాన్ని అరచేత్తో నెమ్మదిగా నొక్కి, గొళ్ళెం పెట్టాడు.