వేళ తప్పిన బ్లాస్టింగ్

మా బాపు యిర్మియాకు కనిపించిన ప్రతిదాన్నీ తట్టి చూసే అలవాటు. బొగ్గు గనిలో దిగేవాళ్లు నెత్తి మీది కప్పును కర్రతో తట్టి, మోతను బట్టి గట్టిదో వదులుదో తేల్చుకుంటారు. బాపు ఆ పని ఇంట్లోనూ మానడు. తలుపు, కుండ, పుచ్చకాయ, ఆఖరికి చుట్టాలు తెచ్చిన గోడగడియారం కూడా. నాకు ఒళ్లు మండేది.

అలాంటి మనిషి నా పనిని చూసి నవ్వాడు. నేను గోదావరిఖని పక్కన ఒక సబ్‌స్టేషన్‌లో ఇంజినీర్ని. భూకంపం వస్తే అది నిలుస్తుందో లేదో పరీక్షించమని పైవాళ్లు నాకు అప్పజెప్పారు. చూస్తే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పట్టాల మీద చక్రాలతో, ఏ బిగింపూ లేకుండా నిలబడి ఉంది. నేల ఊగితే దొర్లుతుంది, దాని మీద తీగలు తగిలించే పింగాణీ విరుగుతుంది. చక్రాలకు ఇనుప క్లాంపులు బిగించాల్సిందే అన్నాను.

"రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగ్‌కు గిన్నెలు ఎగుర్తనే ఉంటయ్. మన భూమికి గిది అలవాటే బిడ్డా," అన్నాడు బాపు. మా ఆపరేటర్ రాయమల్లు కాక, ఎడ్లబండి చక్రం కింద రాయి పెట్టినట్టుందని ఎగతాళి చేశాడు. నవ్విన నాపచేనే పండుతుందని మొహం మీదే చెప్పి, దగ్గరుండి బిగింపజేశాను.

ఆ ఉదయం బాపు మొదటి షిఫ్టులో దిగి ఉన్నాడు. నేను టీ గ్లాసు పట్టుకున్నానో లేదో, సబ్‌స్టేషన్‌లో నేల కదిలింది.

"ఇయ్యాల బ్లాస్టింగ్ జల్ది పెట్టిండ్రేంది," అన్నాడు రాయమల్లు కాక తాపీగా.

బ్లాస్టింగ్ ఒక్క కుదుపుతో పోతుంది. ఇది పోలేదు. తీగలు ఊగాయి, కిటికీ అద్దాలు గలగలలాడాయి, ట్రాన్స్‌ఫార్మర్ హోరు ఠక్కున ఆగిపోయింది.

గనిలోకి గాలి పంపే ఫ్యాను మా కరెంటు మీదే తిరుగుతుంది. ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతుకని విప్పి ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

రోజూ మేడం అని పిలిచే రాయమల్లు కాక, "ఆన్ చెయ్యి బిడ్డా, మీ బాపు కిందున్నడు," అన్నాడు.

స్విచ్ మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. లోపల ఏదైనా దెబ్బతిని ఉంటే, ఆన్ చేయగానే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఆ తర్వాత ఫ్యాను ఎప్పటికి తిరుగుతుందో దేవుడికే తెలియాలి.

"చూడకుంట చెయ్య కాకా," అని యార్డులోకి పరిగెత్తాను. భూమి మీద, బాపు మీద, నా మీద నాకే కోపం వచ్చింది.

చక్రాలు క్లాంపుల్లో అలాగే ఉన్నాయి. పింగాణీ చెక్కుచెదరలేదు, నూనె చుక్క కారలేదు. లోపల ఏదైనా కాలితే నూనెలో గ్యాస్ పుడుతుంది. దాన్ని పసిగట్టి కరెంటు ఆపే రిలేకు చిన్న అద్దం ఉంటుంది. అందులోంచి చూశాను, గ్యాస్ లేదు. ఊపుకు ఆ రిలే ఉత్తినే బెదిరింది. ఆ పిరికి రిలేను నోరారా తిట్టి, వచ్చి ఆన్ చేశాను. హోరు మళ్లీ మొదలైంది.

కాసేపటికి గని నుంచి ఫోన్ వచ్చింది. ఫ్యాను తిరుగుతోంది, ఎవరికీ ఏమీ కాలేదు, అందరినీ పైకి తెస్తున్నారు. ఊపిరి పీల్చుకుని చూస్తే, నా చల్లారిన టీ రాయమల్లు కాక తాగేశాడు.

గని దగ్గరికి వెళ్లేసరికి బాపు మసి మొహంతో, చిరాకుగా వస్తున్నాడు. బ్లాస్టింగ్ వాళ్లకు వేళాపాళా లేదా అని గొణిగాడు. కింద అందరూ అదే అనుకున్నారట. కరెంటు వచ్చేదాకా కూర్చుని సద్ది కూడా తిన్నారట. భూకంపమని చెప్పాను. కింద బెదరని మనిషి పైకొచ్చాక గోడ పట్టుకుని కూలబడ్డాడు.

"చక్రాలు కదిలినయా?" అన్నాడు కూలబడ్డ చోటు నుంచే.

"కదల్లే బాపు."

లేచి, ఆ బొగ్గు చేత్తోనే, గని కప్పును తట్టినట్టు నా నెత్తి మీద తట్టి చెవి ఒగ్గాడు. ఒళ్లు మండాల్సిన దాన్ని, ఏడ్చేశాను.

"గట్టిగనే ఉన్నది," అన్నాడు బాపు.