గొలుసు మీద గొలుసు

మిరోన్ అబద్ధాలాడే మనిషి కాడు, ఒక్క థిమోని దీవి విషయంలో తప్ప. పిరయస్ రేవు పట్నం నుంచి తెరచాపల యాట్‌లో అతిథులను ఎక్కించుకుని దీవులు తిప్పి చూపించడం అతని వృత్తి. ఎవరైనా పటం మీద థిమోనిని చూపించి "ఇక్కడికి వెళ్దామా?" అంటే చాలు, ముఖం చిట్లించేవాడు. అక్కడ మంచినీళ్ళు దొరకవనేవాడు, రేవు లోతు చాలదనేవాడు. ఒక జర్మనీ ఆవిడ మరీ పట్టుబడితే, ఆ దీవి నిండా తేళ్ళని చెప్పి గండం గట్టెక్కాడు. ఆ దీవి నీళ్ళు తాగే అతను అంతవాడయ్యాడని, ఆ రేవులోనే ఈత నేర్చుకున్నాడని వాళ్ళకెలా తెలుస్తుంది?

ఈసారి మెల్తెమి గాలి అతని ఆటలు సాగనివ్వలేదు. ఆగస్టు నెలలో ఉత్తరాన్నుంచి విరుచుకుపడే ఆ గాలికి ఎవరి సొంత గొడవలతోనూ పనిలేదు. శనివారం మధ్యాహ్నానికల్లా అలలు పడవను ఎత్తి కుదేయడం మొదలుపెట్టాయి. పడవలో ఉన్న హాలండ్ దంపతుల్లో భార్య బకెట్ పట్టుకుని కూర్చుంది. భర్త పాలిపోయిన ముఖంతో, దగ్గర్లో ఏ రేవైనా సరే పదమన్నాడు. దగ్గర్లో ఉన్నది థిమోని ఒక్కటే. ఆ గాలికి చాటు ఇచ్చేదీ అదొక్కటే. తేళ్ళ మాట మిరోన్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ అవస్థ చూసి మింగేసి, చుక్కాని తిప్పాడు.

ఇరవై ఏళ్ళకు దగ్గర పడుతోంది అతను ఆ రేవు మొహం చూసి. అంత పెద్ద గాలికి జంకని మనిషి, రేవు గట్టు కనపడేసరికి అరచేతుల చెమట ప్యాంటుకు తుడుచుకున్నాడు. అతనికి భయం సముద్రం అంటే కాదు, అన్న ఇసిదోరోస్ అంటే.

గొడవ డబ్బు గురించీ కాదు, భూమి గురించీ కాదు. ఒక పేరు గురించి. థిమోనిలో మొదటి మగపిల్లాడికి తండ్రి తండ్రి పేరే పెడతారు. అందులో ఆలోచించడానికి ఏమీ ఉండదు. తన పేరు పెట్టి ఎవరో కేకేస్తే ఒక బుడతడు వీధిలో పరిగెత్తుకుంటూ పోవడం చూశాక, ముసలివాడు నిశ్చింతగా కళ్ళు మూయొచ్చు. ఇసిదోరోస్‌కు పిల్లలు కలగలేదు. కాబట్టి వాళ్ళ నాన్న జన్నీస్ ఆశలన్నీ మిరోన్ మీదే పెట్టుకున్నాడు. మిరోన్ భార్య థెక్లా నిండు నెలలతో ఉండగా ఆమె తండ్రి నెక్తారియోస్ సముద్రంలో పోయాడు. శవం కూడా దొరకలేదు. సమాధి అన్నదే లేని మనిషికి కనీసం పేరైనా మిగలాలని ఆమె ఏడిస్తే, మిరోన్ కాదనలేక కొడుక్కి ఆ పేరే పెట్టాడు.

పిరయస్‌లో బాప్తిజం అయ్యాక, భార్యనూ బిడ్డనూ పడవ ఎక్కించుకుని థిమోని వచ్చాడు. ఎదురుగా కూర్చుని చెబితే నాన్న అర్థం చేసుకుంటాడని అతని నమ్మకం. భోజనాల దగ్గర పేరు వినగానే జన్నీస్ చేతిలో రొట్టె ముక్క బల్ల మీద పెట్టేసి, ఒక్క మాట కూడా అనకుండా లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ఆ మూసిన తలుపు మిరోన్ తట్టుకోలేకపోయాడు. మర్నాడు సూర్యుడు రాకముందే తాళ్ళు విప్పుకుని వెళ్ళిపోయాడు. ఏడాది తిరక్కుండానే తండ్రి పోయాడు. మిరోన్‌కు కబురు అందేసరికి పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. ఫోన్ చేస్తే ఇసిదోరోస్ ఒకటే మాట అన్నాడు.

"బతికుండగానే ఆయన పేరు పాతిపెట్టావు. ఒళ్ళు పాతిపెట్టడానికి నువ్వెందుకురా?"

అన్నదమ్ముల మధ్య ఆఖరి మాట అదే. అప్పట్నుంచి మిరోన్ గుండెల్లో ఒక రాయి ఉండిపోయింది, నాన్న కోపంతోనే పోయాడని. ఆ రాయిని కదిలించగలిగినవాడు ఒక్క అన్నే. తిట్టినా సరే, ఆ నోటి వెంట ఇంకొక్క మాట వింటే చాలనిపించేది అతనికి.

రేవులో లంగరు ముందువైపు దించి, గొలుసు వదులుతూ, పడవను వెనక్కి గట్టు దాకా తెచ్చాడు. వెనక తాళ్ళు అందుకోవడానికి గట్టు మీద ఒక్క మనిషే ఉన్నాడు. నెరిసిన మీసాలు, కొంచెం వంగిన నడుము. ఇసిదోరోస్. మిరోన్ చేతిలో తాడు ఒక్క క్షణం ఆగింది. విసిరాడు. ఇసిదోరోస్ అందుకుని, కొక్కానికి రెండు చుట్లు చుట్టి, ముడి బిగించి, రెండో తాడు కోసం చెయ్యి చాపాడు. అది కూడా కట్టాడు. ఒక్కసారి కూడా తలెత్తి తమ్ముడి ముఖం చూడలేదు. మిరోన్ ప్రాణం లేచొచ్చింది. మరు నిమిషమే చప్పబడింది. రేవులోకి వచ్చిన పడవ తాడు పగవాడిదైనా అందుకోవాల్సిందే కదా. అది అన్న ప్రేమో, రేవు మర్యాదో ఎలా తేల్చుకోవడం?

ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పూటకూళ్ళ కొట్టు ఇసిదోరోస్ భార్య అనెజీనాది. సాయంత్రం అతిథులను అక్కడికి తీసుకురాక తప్పలేదు. అనెజీనా అతణ్ణి చూసి, చేతిలో పళ్ళాలు అక్కడే పడేసి వచ్చి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది.

"చిక్కిపోయావు మరిదీ."

"లావయ్యాను వదినా. కళ్ళజోడు పెట్టుకో."

"నా కళ్ళకేం రోగం? మనిషి చిక్కితే పొట్టలో కనపడదు, ముఖంలో కనపడుద్ది. పిల్లాడెట్టా ఉన్నాడు?"

"ఓడల చదువు చదువుతున్నాడు. నాకంటే పొడుగు."

పిల్లాడి పేరు ఆమె ఎత్తలేదు, అతనూ చెప్పలేదు. మూల బల్ల దగ్గర ఇసిదోరోస్ ఊజో సారా గ్లాసు ముందు పెట్టుకుని సముద్రం కేసి చూస్తున్నాడు. కాసేపటికి పెళ్ళాన్ని కేకేశాడు.

"అనెజీనా! ఆ బల్లకి ఒక సీసా వైను పంపు. నా లెక్కలో."

"ఆ బల్ల మీద ఎవరికి? ఇద్దరికా, ముగ్గురికా?"

"సీసాకి తలకాయలు లెక్కపెడతారా ఎక్కడన్నా? పంపమన్నానా లేదా?"

వైను వచ్చింది. హాలండ్ ఆయన సంబరపడిపోయి గ్లాసు పైకెత్తి మూల బల్లకు చూపించాడు. ఇసిదోరోస్ కూడా మర్యాదగా తన గ్లాసు ఎత్తాడు, హాలండ్ ఆయన వైపు మాత్రమే.

"వదినా, మీ ఆయనకి నా తరఫున కృతజ్ఞతలు చెప్పు" అన్నాడు మిరోన్.

అనెజీనా నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేనేమన్నా టెలిఫోన్ స్తంభాన్నా? అదుగో అక్కడే ఉన్నాడు. నీ కాళ్ళు పడిపోలేదుగా? పోయి చెప్పుకో."

మిరోన్ లేచాడు. నాలుగడుగులు వేసి, అన్న బల్ల దగ్గర నిలబడ్డాడు.

"అన్నా."

ఇసిదోరోస్ పెదవి కదిలింది. కళ్ళు ఒక్కసారి తమ్ముడి బూట్ల దాకా వచ్చి ఆగిపోయాయి. ఇప్పుడు మాట్లాడతాడు, ఇదుగో ఇప్పుడే, అని మిరోన్ ఎదురుచూశాడు. ఇసిదోరోస్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"పడవ చూసొస్తా" అని పెళ్ళానికి చెప్పి, రేవు వైపు దిగిపోయాడు.

మిరోన్ తన బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. వైను గ్లాసు పక్కకు నెట్టాడు. అన్న మీద కోపం రాలేదు, తన మీద తనకే జాలి వేసింది. తాడు అందుకున్నందుకే ఆశపడిపోయిన వెర్రివాణ్ణి అనుకున్నాడు. ఇంకా ఉండి చేసేదేముంది, తెల్లారగానే వెళ్ళిపోవాలని నిశ్చయించుకుని పడుకున్నాడు.

ఆదివారం పొద్దుటికి గాలి నెమ్మదించింది. హాలండ్ ఆవిడ రొట్టె కూడా తిన్నది. పక్క దీవిలో వాళ్ళ స్నేహితులు ఎదురుచూస్తున్నారట, త్వరగా బయల్దేరదామన్నారు. మిరోన్ ఇంజన్ వేసి, వెనక తాళ్ళు విప్పి, లంగరు గొలుసు చుట్టే యంత్రం నొక్కాడు. గొలుసు కొంత దూరం సాఫీగా వచ్చింది. తర్వాత యంత్రం మూలిగింది. పడవ ముక్కు కిందికి వంగి ఆగిపోయింది. మిరోన్ అంచు మీద బోర్లా పడుకుని నీళ్ళలోకి చూశాడు. అడుగున ఇసుక రేణువులతో సహా కనపడే నీళ్ళవి. అతని గొలుసు మీద అడ్డంగా ఇంకో గొలుసు పడుకుని ఉంది.

ఆ గొలుసు ఎటు పోతోందా అని చూపుతో వెంబడించాడు. అది పోయి పోయి రేవుకు అవతలి వైపున్న ఒక పాత చేపల పడవ దగ్గర తేలింది. ఇసిదోరోస్ పడవ. అప్పట్లోనూ, నిన్న అతను వచ్చేసరికీ, ఈ కొసన, గోడ పక్కన, అదే కొక్కానికి కట్టి ఉన్న పడవ. దానికి లంగరుతోనే పని లేదు. రాత్రికి రాత్రి అది స్థలం మారి, అవతలి గట్టుకు చేరి, రేవు నడిమధ్యన లంగరు వేసుకుంది.

మిరోన్‌కు నెత్తురు తలకెక్కింది. పరాయి ఊరివాడు తెలియక అలా వేస్తాడు. అద్దెకు పడవ తీసుకున్న పట్నంవాడు వేస్తాడు. ఈ రేవులో పుట్టి పెరిగినవాడు, పక్కవాడి గొలుసు ఎటు పరుచుకుని ఉందో చూడకుండా లంగరు వేయడం ఉండదు. కావాలనే చేశాడు. మాట్లాడకపోతే పోయె, అతిథుల ముందు పరువు కూడా తీయాలా?

పడవను ఉన్నపళంగా మళ్ళీ గట్టుకు ఆనించి, తాళ్ళు తనే తగిలించుకుని, ఒక్క దూకులో కిందికి దిగాడు. గట్టు చుట్టూ నడిచి అవతలి వైపుకు పోయేసరికి చర్చి గంటలు మోగుతున్నాయి. అనెజీనా అప్పటికే అక్కడ నిలబడి ఉంది. ఇసిదోరోస్ పడవ అంచు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"వదినా! మీ ఆయనకి చెప్పు, ఆ లంగరు తియ్యమని. నా మీద కసి ఉంటే నన్ను కొట్టమను. నా కూట్లో మట్టి కొట్టడం ఏం మగతనమని అడుగు!"

అనెజీనా నోరు తెరవబోయింది. ఇసిదోరోస్ చెయ్యెత్తి ఆపాడు.

"అరవబోకు. గుళ్ళోకి వినపడుద్ది."

మిరోన్ నిలుచున్నచోటే ఆగిపోయాడు. అన్న అతని కళ్ళలోకి చూస్తున్నాడు.

"తెలిసే వేశా" అన్నాడు ఇసిదోరోస్. "చీకటి పడకముందే నీ గొలుసు ఎక్కడుందో సరిగ్గా చూసుకుని, నువ్వు పడుకున్నాక వేశా. మన నాయన సంగతి నీకు తెల్సుగా. ఒక మాట కడుపులోంచి నోటికి రావాలంటే ఆయనకో రాత్రి పట్టేది. నాదీ అదే రకం. నిన్న నువ్వు అన్నా అంటే గొంతు పెగల్లేదురా. పొద్దునకి వస్తుందిలే అనుకున్నా. కానీ నీ రకం కూడా నాకు తెల్సు. పొద్దునకి నువ్వుండవు. అందుకని కట్టేశా."

మిరోన్ కోపం ఎటు పోయిందో అతనికే తెలియదు.

"ఆ రోజు" అన్నాడు ఇసిదోరోస్. కాఫీ కప్పు పక్కన పెట్టాడు. "నువ్వు పెళ్ళాం బిడ్డతో వెళ్ళిపోయిన రోజు. పొద్దున్నే గడ్డం గీసుకుని, గుడికి వేసుకునే కోటు వేసుకుని గదిలోంచి వచ్చాడు నాయన. బిడ్డనెత్తుకుంటా, నన్ను రేవుకి తీసుకుపో అన్నాడు. ఇద్దరం దిగొచ్చాం. రేవులో నీ పడవ లేదు. నీ తెరచాప అదుగో, ఆ కొండ కొస దాటుతోంది. కేకెయ్యమన్నాడు. వేశా. ఎక్కడ వినపడుద్ది?"

"నాకెవరూ చెప్పలేదు" అన్నాడు మిరోన్.

"నేనే చెప్పలేదు. చెప్తే నీ మనసు చల్లబడుద్దని చెప్పలేదు. ముసలాయన్ని అట్టా గట్టు మీద నిలబెట్టి పోయినందుకు నువ్వూ ఏడవాలనుకున్నా. ఇన్నేళ్ళు ఏడిపించా. నాకేం దక్కిందిరా? ఏం లేదు."

"అదన్నా ఒప్పుకున్నావు" అంది అనెజీనా. కొంగు లేదు గనక చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. "ఆ తర్వాతది కూడా చెప్పు. సగం చెప్పి ఆపకు."

మిరోన్ పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు. అడగడానికి భయపడుతూనే అడిగాడు.

"నాయన మళ్ళీ నా మాట ఎత్తాడా?"

"నీ మాట ఎత్తలేదు" అన్నాడు ఇసిదోరోస్. "పోయేదాకా రోజూ ఇక్కడే కూర్చునేవాడు. తెల్ల తెరచాప ఏది కనపడినా లేచి నిలబడేవాడు. చూపు ఆనేది కాదుగా, నన్ను పిలిచి అడిగేవాడు. మా నెక్తారియోస్ వచ్చాడేమో చూడరా, అనేవాడు."

మిరోన్ గట్టు రాళ్ళ మీద కూలబడి, ఆదివారం పూట గుడికి పోయే జనమంతా చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇసిదోరోస్ పడవ దిగి వచ్చి పక్కన కూర్చున్నాడు. లంగరు తీసే ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. హాలండ్ వాళ్ళకు పడవ ఈ రోజు కదలదని అనెజీనాయే వెళ్ళి చెప్పింది.