రాణిగారి అబద్ధం

మా ఆయన నాటకంలో రాజు చచ్చిపోతే జనం చప్పట్లు కొట్టేవారు. ఏడవాల్సిన చోట చప్పట్లు! పదకొండేళ్లుగా అదే తంతు.

కథ చిన్నదే. కోట చుట్టూ శత్రువులు. వాళ్ల చెరలో రాణి తమ్ముడు. వాణ్ని బతికించుకోవడానికి రాణి దొడ్డితలుపు తాళంచెవి వాళ్లకు పంపించేస్తుంది. ఆ సంగతి చివరి అంకంలో గానీ బయటపడదు. ఈలోగా మొగుడు అడిగితే, "తాళంచెవి నా దగ్గరే ఉంది, మీరు పడుకోండి" అంటుంది. ఆయన నమ్మి పడుకుంటాడు. కోట పోతుంది, కొడుకు పోతాడు, తనూ పోతాడు. నాటకమంతా ఆ ఒక్క అబద్ధం మీదే నిలబడింది.

అయితే రాణి వేషం వేసే ఆవిడ ఆ మాట అనేటప్పుడు జనాన్ని ఓరకంట చూసి ముసిముసిగా నవ్వేది. చంటిపిల్లలకు కూడా గుట్టు తెలిసిపోయేది. ఇంత చూస్తూ కూడా నమ్మిన రాజును ఎవరు తలుచుకుని ఏడుస్తారు? "వెర్రివెంగళప్ప, పోవాల్సిందే" అనుకునేవారు. మా ఆయన తెర వెనక్కి వచ్చి కిరీటం విసిరికొట్టేవారు. జనానికి రుచి తెలియదని తిట్టేవారు. ఆవిడకు అలా చూడమని నేర్పిన తనదే తప్పని ఒక్కనాడూ అనుకోలేదు.

నేను ఆ నాటక సమాజంలో బట్టలు కుడతాను. పక్కతెర చాటున కూర్చుని, మాట మరిచిపోయిన వాళ్లకు అందిస్తాను కూడా. అందరి మాటలూ నాకు కంఠతా వచ్చు. వేషం అడిగితే మాత్రం మా ఆయన, "నీకు అబద్ధం చెప్పడం రాదే, మొహంలోనే తెలిసిపోతుంది" అనేవారు.

నాకు నవ్వాగేది కాదు. ఏటా ఆయన రాజు కోటు కుట్లు విప్పి, లోపలి మడతలో ఉన్న గుడ్డ కాస్త వదిలి మళ్లీ కుట్టేదాన్ని. మడత అయిపోయాక చంకల కింద అతుకులు వేశాను. ఆయన అది తొడుక్కుని, పదకొండేళ్ల నాటి కోటు ఇప్పటికీ సరిపోతోందని అందరికీ చూపించుకునేవారు. "ఒళ్లు చెక్కుచెదరలేదండీ" అని నేను దారం కొరుకుతూ అనేదాన్ని. తల ఎత్తేదాన్ని కాదు.

ఒకరోజు పొద్దున రాణి మెట్ల మీద కాలు బెణికి కూలబడింది. సాయంత్రం ఆట. వేరే దిక్కులేక మా ఆయన నా వైపు తిరిగారు.

"ఈ ఒక్క ఆటే. తేడా వచ్చిందంటే జన్మలో వేషం మాటెత్తకూడదు."

"సరేనండీ."

"తాళంచెవి దగ్గర జనాన్ని ఓరగా చూడు. వాళ్లకి తెలియాలి."

"వాళ్లకి ముందే తెలిస్తే మీరు తెలివితక్కువవాడిలా కనబడతారండీ."

"గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట! నువ్వా నాకు నేర్పేది?"

నాకు ఒళ్లు మండింది. కానీ ఆ వేషం నాకు కావాలి. ఒక్క ఆటకు కాదు, ఎప్పటికీ కావాలి. "చూస్తాన్లెండి" అన్నాను, రాణి చీర అంచు నా కొలతకు మడిచి కుడుతూ. ఆయన నమ్మారు.

సాయంత్రం హాలు నిండిపోయింది. రాజు అలసిపోయి వచ్చి మంచం మీద కూర్చున్నారు. నేను ఆయన శాలువా తీసుకుని అంచుకు అంచు కలిపి మడత పెట్టసాగాను.

"తాళంచెవి నా దగ్గరే ఉంది. మీరు పడుకోండి."

అంతే. శాలువా మీంచి చూపు తిప్పలేదు. ఆయన నా ఓరచూపు కోసం ఒక్క క్షణం ఆగారు. అది రాలేదు. ఆ తర్వాత ఆయన మొహంలో ఇన్నేళ్లలో ఎన్నడూ చూడని నిశ్చింత కనబడింది. మెల్లగా పడుకున్నారు. ముందు వరసలో ఎవరో "హమ్మయ్య" అన్నారు.

చివరి అంకంలో దొడ్డితలుపు తెరుచుకుని శత్రువులు లోపలికి రాగానే హాలంతా "అయ్యో!" అని లేచింది. రాజు కూలినప్పుడు ఒక్క చప్పట లేదు. ముక్కులు చీదుకునే చప్పుడే వినబడింది. తెర పడి మళ్లీ లేచాక మాత్రం ఈలలూ చప్పట్లూ ఎంతకీ ఆగలేదు. పక్కతెర చాటున కాదు, నట్టనడుమ నిలబడి విన్నాను. గెలిచాను! గట్టిగా అరవాలనిపించింది.

లోపలికి రాగానే మా ఆయన నిలదీశారు. "ఓరగా చూస్తానన్నావుగా?"

"అబద్ధం చెప్పానండీ."

ఆయన కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. "నేనే నమ్మేశానే" అన్నారు చివరికి.

ఇంతలో ఒక ముసలమ్మ మెట్లెక్కి రొప్పుతూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఈ నాటకం నాలుగోసారి చూడటం నేను. నీ బండారం నాకు ముందే తెలుసు. అయినా నమ్మాను కదే! నీలాంటి పెళ్లాం ఉంటే ఏ మొగుడు మాత్రం బతికి బట్టకడతాడు?"

మా ఆయన చేతులు జోడించారు. "ఇక ప్రతి ఆటకీ ఈవిడే రాణి అమ్మా. రేపు కూడా రండి."

"రాకేం? రేపు ముందు వరసలోనే కూర్చుంటా" అంది ముసలమ్మ ఆయన వైపు తిరిగి. "నిన్ను పడుకోనిస్తే ఒట్టు."