ఆరో హోల్ దగ్గర గంట

ఏప్రిల్ మొదటి శనివారం పొద్దున ఇన్నిస్ లేస్తూనే కిటికీ దగ్గరికి వెళ్లి వాన పడుతోందేమోనని చూశాడు. వాన లేదు. కిల్‌బ్రెక్ ఊళ్లో గోల్ఫ్ ఆడేవాళ్లంతా ఐదు నెలలుగా ఈ పొద్దు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తుంటే, అతనొక్కడు మాత్రం వడగళ్లు పడితే బాగుండునని కోరుకున్నాడు. సముద్రం మీంచి గాలి కూడా మెత్తగా వీస్తోంది. ఇక ఇంట్లో ఉండిపోవడానికి సాకే లేదు.

ఇన్నిస్ ఇళ్ల కప్పులకు పలకరాళ్లు పరిచే మేస్త్రీ. నలభై ఏళ్లు తడిసిన కప్పుల మీద పిల్లిలా నడిచాడు. అలాంటి మనిషికి కర్రల సంచి భుజాన వేసుకుని క్లబ్బు గేటు దాటడానికి కాళ్లు రాలేదు. గేటు అవతల ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడి ఎడమ కంటి మీద నల్ల గుడ్డ కట్టి ఉంది.

"వచ్చాడ్రోయ్ దొరగారు!" అని గ్రెగర్ అరిచాడు. గ్రెగర్‌ది మాంసం కొట్టు, గొంతు కూడా కొట్టుకి తగ్గట్టే ఉంటుంది. "చలికాలమంతా ఎక్కడ చచ్చావురా? కప్పు మీంచి జారిపడ్డావేమోనని దండ కూడా చూసి పెట్టాం."

"నీ పొట్ట సంగతి చూసుకో ముందు. దాని మీంచి బంతి కనపడుతుందా?" అన్నాడు ఇన్నిస్, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నాకున్నది ఒక్క కన్ను కదా," అన్నాడు నల్ల గుడ్డ కట్టుకున్న ముర్డో. "సగం పొట్టే కనపడుతోంది. పాపం చిక్కిపోయాడనుకున్నా."

బడి కాపలాదారు డూగల్ కడుపు పట్టుకుని నవ్వాడు. గ్రెగర్ నవ్వాడు. ముర్డో అందరికంటే గట్టిగా నవ్వాడు. ఇన్నిస్ మాత్రం వంగి బూటు తాడు బిగించుకున్నాడు. ఆ కన్ను పోగొట్టింది అతనే.

ఈ నలుగురూ కలిసి ఆడబట్టి ముప్ఫై ఒక్క ఏళ్లు. అన్నేళ్లూ ఆడారు కదా, గొప్ప ఆటగాళ్లయి ఉంటారని ఎవరైనా అనుకుంటే పొరపాటు. బంతిని సముద్రంలోకి కొట్టడంలో మాత్రం నలుగురికీ మంచి పేరుంది. అయినా శనివారం వస్తే చాలు, పెళ్లిళ్లున్నా పేరంటాలున్నా మైదానంలోనే ఉంటారు. ఇన్నిస్ భార్య పోయినప్పుడు ఈ ముగ్గురే మాట్లాడకుండా ఎడమా కుడీ వెనకా నిలబడ్డారు. అతనికి ఈ భూమ్మీద వేరే బలగం లేదు.

పోయిన అక్టోబరు ఆఖరి శనివారం ఇద్దరిద్దరుగా ఆడుతున్నారు. ముందు ముర్డో, డూగల్. వెనక ఇన్నిస్, గ్రెగర్. ఒక్కో గుంతలో బంతి పడేదాకా సాగే ఆట ఒక హోల్. ఆరో హోల్ దగ్గర దారికి అడ్డంగా ఒక గుట్ట ఉంటుంది. దాని అవతల జెండా ఉన్న నున్నటి పచ్చిక ఉందని తెలియడమే గానీ కనపడదు. అందుకే తాతల నాటి నుంచి అక్కడో గంట వేలాడదీశారు. ముందువాళ్లు ఆట ముగించి, పక్కకి తప్పుకుంటూ తాడు లాగుతారు. గంట వినపడ్డాకే వెనకవాళ్లు గుట్ట మీదుగా కొట్టాలి. కిల్‌బ్రెక్‌లో పిల్లలు కూడా ఈ నియమం తప్పరు.

ఆ రోజు ఇన్నిస్ జన్మలో ఎన్నడూ ఆడనంత బాగా ఆడుతున్నాడు. సముద్రం మీద నల్లటి మబ్బు పరిగెత్తుకొస్తోంది. వాన పడేలోగా ఈ ఒక్క దెబ్బ కొట్టేయాలని ప్రాణం లాగేసింది. ముళ్లపొదలో బంతి వెతుక్కుంటున్న గ్రెగర్ "గంట అయిందా?" అని అడిగాడు. "అయింది," అన్నాడు ఇన్నిస్. కాలేదు. కొట్టాడు. గుట్ట అవతలి నుంచి ముర్డో కేక వినపడింది.

గంట అయ్యాకే ఇన్నిస్ కొట్టాడని గ్రెగర్ చెప్పగా విని, ఆసుపత్రిలో ముర్డో తనంతట తానే "గంట కొట్టాక, పొట్టి కర్ర మర్చిపోయానని మళ్లీ వెనక్కి వెళ్లుంటాను. నాదే తప్పు," అన్నాడు. డూగల్ అప్పటికే గోడ చాటున ఒంటికి పోసుకుంటున్నాడు. ఆ గాలిలో తనకేమీ వినపడలేదన్నాడు. గ్రెగరేమో "ఇన్నిస్ విన్నాడుగా," అన్నాడు. అందరూ ఇన్నిస్ వైపు చూశారు. "విన్నాను," అన్నాడతను. ఆ ఒక్క మాటా అన్నాక ఐదు నెలలు వాళ్ల మొహాలు చూడకుండా తిరిగాడు. నిజం చెప్తే ఈ ముగ్గురూ దక్కరు. చెప్పకపోతే తనకు తనే దక్కడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో అతనికి ఆ చలికాలంలో తెలిసింది.

సీజన్ మొదటి రోజు జట్లు ఎలా పడాలో మనుషులు నిర్ణయించరు. నలుగురి బంతులూ ఒకడు గాల్లోకి విసురుతాడు, దగ్గర దగ్గరగా పడ్డ రెండూ ఒక జట్టు. డూగల్ విసిరాడు. ఇన్నిస్ మనసులో మొక్కుకున్నాడు. అతని బంతి దొర్లుకుంటూ పోయి, ముర్డో బంతికి తగిలి ఆగింది.

"నువ్వూ నేనూ రా," అని ముర్డో భుజం తట్టాడు.

ఆ రోజు ఆట కూడా మామూలుది కాదు. జట్టుకి ఒకే బంతి, దాన్ని ఇద్దరూ వంతులవారీగా కొట్టాలి. వంతు తప్పితే ఆ హోల్ ఎదుటి జట్టుకి పోయినట్టే. ముర్డోకి ఒంటికంటితో దూరం అందక, మొదటి హోల్లో బంతిని వదిలి గడ్డిని కొట్టాడు. "గడ్డికి తగిలింది, లెక్కెయ్యండి," అని తనే నవ్వాడు. రెండో హోల్లో చిన్న నోట్‌బుక్ తీసి ఏదో రాసి, గబుక్కున జేబులో దోపుకున్నాడు. మూడో హోల్లో ఇన్నిస్‌ని పక్కకి పిలిచి, "ఇప్పుడు కొట్టింది నేనే కదా?" అని మెల్లగా అడిగాడు.

"నువ్వే. ఏం?"

"ఏం లేదులే."

అంత చిన్న ప్రశ్నకి ముర్డో మొహంలో అంత భయం ఎందుకో ఇన్నిస్‌కి అర్థం కాలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ముర్డోకి తన మీద అనుమానం వచ్చిందేమోననుకున్నాడు. ఐదో హోల్ అయ్యేసరికి అతని అరచేతుల చెమటకి కర్ర జారిపోతోంది.

ఆరో హోల్లో మొదటి దెబ్బ ముర్డోది. బంతి చక్కగా గుట్ట కింద ఆగింది. గ్రెగర్, డూగల్‌ల బంతి ఎప్పటిలాగే ముళ్లపొదల్లోకి పోయింది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ అటు వెళ్లారు. గుట్ట అవతల ఎవరో ఆడుతున్న అలికిడి వినపడుతోంది.

"వాళ్లు పైఊరివాళ్లు. గంట సంగతి తెలీదు," అన్నాడు ముర్డో. "నేను అవతలికి వెళ్తా. వాళ్లు కదిలాక నేనే గంట కొడతా. విన్నాక ఆడు."

ఇన్నిస్ వద్దనే లోపే ముర్డో గుట్ట దాటిపోయాడు. అదే చోటు. అదే కర్ర. ముర్డో మళ్లీ అవతలే ఉన్నాడు.

గంట మోగింది. ఇన్నిస్ కర్ర ఎత్తాడు. చేతులు పైనే బిగుసుకుపోయాయి. దించాడు. మళ్లీ మోగింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు. మూడోసారి తాడు ఊడిపోతుందా అన్నట్టు మోగింది, వెంటనే ముర్డో గుట్ట దిగి వచ్చాడు.

"చెవుడొచ్చిందా నీకు? వినపళ్లేదా?"

"వినపడింది."

"మరి?"

"అప్పుడు వినపళ్లేదు," అన్నాడు ఇన్నిస్. మాట బయటపడ్డాక ఇక ఆగలేదు. "అక్టోబర్లో. గంట మోగలేదురా ముర్డో. గ్రెగర్ అడిగితే అయిందన్నాను. అందరూ అడిగితే విన్నానన్నాను. అంతా అబద్ధం."

ముర్డో కొడతాడనుకున్నాడు. తిడతాడనుకున్నాడు. ముర్డో మాత్రం అతని చొక్కా చెయ్యి పట్టుకుని, "నేను కొట్టలేదా?" అని అడిగాడు.

"లేదు."

"సరిగ్గా చెప్పు. గంట నేను కొట్టలేదు కదా?"

"కొట్టలేదు."

ముర్డో గడ్డి మీద కూర్చుండిపోయాడు. ఉన్న ఒక్క కంట్లోంచీ నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"మా నాన్న ఆఖర్లో నా పేరు కూడా మర్చిపోయాడు, తెలుసుగా. ఆయనకి అరవై మూడో ఏట మొదలైంది. నాకిప్పుడు అరవై మూడు. ఆ తాడు పట్టుకున్నట్టు ఎంత తవ్వుకున్నా నాకు గుర్తు రాదు. కానీ నువ్వు విన్నానన్నావు. నువ్వు అబద్ధమాడవు. అంటే నేను కొట్టే ఉండాలి, మర్చిపోయి ఉండాలి. అంతేగా?"

ఇన్నిస్ కర్రని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"డాక్టరమ్మ మతిమరుపు పరీక్షకని గడియారం బొమ్మ గియ్యమంది. గీశాను. బాగానే ఉందంది. నేను నమ్మలేదు. మా ఆవిడ ఎఫీ నన్ను పొయ్యి ముట్టనివ్వదు. కారు తాళాలు దాచేసింది. పొద్దున లేవగానే మనవల పేర్లు వరసగా చెప్పుకుంటాను. ఏడుగురు. ఒక పేరు తట్టడం ఆలస్యమైతే ఒళ్లంతా చెమటలు పడతాయి." జేబులోంచి నోట్‌బుక్ తీసి ఇన్నిస్ కాళ్ల ముందు పడేశాడు. "ఏ దెబ్బ ఎవడు కొట్టాడో రాసుకుంటున్నా, చూసుకో."

ఇన్నిస్ ఇన్నాళ్లూ తను తీసింది ఒక కన్నే అనుకున్నాడు. దానికే సిగ్గుపడి చచ్చాడు. కన్ను తీసింది బంతి. మిగతాదంతా తన మాట చేసింది. అది తలకెక్కేసరికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"కన్ను పోతే పోయిందిరా," అన్నాడు ముర్డో లేస్తూ. "బంతి ఎవడి కర్ర నుంచైనా పక్కకి పోతుంది. కానీ నా బుర్ర పోయిందని నన్నే నమ్మించావు చూడు. అన్నం తింటూ భయం, నవ్వుతూ భయం. ఐదు నెలలు." ఇన్నిస్ చేతిలో కర్ర లాక్కున్నాడు. "అవతలికి నడు. గంట కొట్టు. ఇది నేనాడతా."

"నా వంతు కదా. హోల్ పోతుంది."

"పోనీ."

"ముర్డో..."

"వాళ్లిద్దరికీ నువ్వే చెప్తావు. మా ఇంటికొచ్చి ఎఫీకీ నువ్వే చెప్తావు. ముందు కనపడకుండా అవతలికి పో."

"ఏంట్రా మంతనాలు?" అని గ్రెగర్ పొదలోంచి అరిచాడు.

ఇన్నిస్ గుట్ట దాటి దిగాడు. పైఊరివాళ్లు వెళ్లిపోయారు. పచ్చిక మీద జెండా తప్ప ఏమీ లేదు. తాడు లాగాడు. గంట మోగింది. ఇప్పుడు పదడుగుల దూరంలో ఉన్న రాతిగోడ వెనక్కి పోవాలి. అతనికి తెలుసు. వెళ్లలేదు. అవతల కోపంతో ఊగిపోతున్న మనిషి, దూరం అందని ఒంటికన్ను, తన కర్ర. బంతి ఎటైనా రావచ్చు. అయినా నిలబడ్డాడు. వస్తే రానీ, తగిలితే తగలనీ అనుకుని కళ్లు మూసుకున్నాడు.

ఎంతసేపటికీ బంతి రాలేదు.

"ఒరేయ్!"

కళ్లు తెరిచాడు. గుట్ట పైన ముర్డో నిలబడి ఉన్నాడు. ఆ గుట్ట ఎక్కి తొంగిచూడటానికి ఇరవై అడుగులు పడతాయి. అక్టోబరులో ఇన్నిస్ వెయ్యని అడుగులు అవే.

"అక్కడే నిలబడ్డావేంట్రా గాడిదా? పక్కకి పో!" ముర్డో కర్రతో గోడ వైపు చూపించాడు. "నువ్వు తప్పుకోవడం నా కంటితో నేను చూస్తే గానీ కొట్టను."

ఇన్నిస్ ఏడుస్తూ గోడ వెనక్కి వెళ్లి కూలబడ్డాడు. అతని టోపీ కూడా కనపడటం లేదని నిర్ధారించుకునే దాకా ముర్డో గుట్ట మీదే నిలబడి, ఆ తర్వాత వెనక్కి తిరిగాడు.