పాత తీగ వెంట కొత్త తీగ

"ఫోను మోగితే లేపనా అల్లుడా? నా చేతులేమన్న పడిపోయినయా?"

ఇబ్రహీంపట్నం బస్ డిపో వెనకాల ఉన్న ఐదంతస్తుల అపార్టుమెంటుకు నారయ్య వాచ్‌మన్. గేటు దగ్గర ఎల్లేశ్ చెయ్యి పట్టుకుని అడిగాడు. ఇద్దరిదీ ఒకే ఊరు. ఆ బిల్డింగుకు ఇంటర్నెట్ తీగలు లాగేది ఎల్లేశే.

పోయిన వారం పై అంతస్తులో తాతారావుగారికి గుండెపోటు వచ్చింది. కొడుకు జయకృష్ణ ఆఫీసుకు పోయాడు. ఎదుటి ఫ్లాటుకు తాళం. భార్య అరుణకుమారిగారికి సెల్‌ఫోన్ వాడటం రాదు, చెవి కూడా మందం. వంటింటి గోడకున్న ఇంటర్‌కమ్ ఎత్తి, కొడుకు ఎప్పుడో నేర్పినట్టు వాచ్‌మన్ గది నంబరు తొమ్మిది నొక్కింది. నొక్కుతూనే ఉంది. చివరికి, ఒంటరిగా లిఫ్టు ఎక్కడం రాక, మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి వచ్చేసరికి నారయ్య కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. ఆస్పత్రికి చేరేలోపే పెద్దాయన పోయాడు. పిలిచినా పలకలేదన్న మాట నారయ్య నెత్తిన పడింది.

"ఎల్లుండి పొద్దుగాల్లకు రూము ఖాళీ చెయ్యమన్నరు," అంది నారయ్య భార్య యాదలక్ష్మి. "నౌకరి పోతే ఇంకో గేటు దొరుకుతది. మనిషిని సంపిండన్న మాట మోసుకొని ఏ గేటు కాడ నిలవడాలె? నువ్వు వైర్లోనివి గదా, జర ఆ ఫోను సూసి ఉన్నది ఉన్నట్టు చెప్పు. గంతే సాలు."

ఎల్లేశ్‌కు చూడకుండానే తెలుసు.

పోయిన నెల జయకృష్ణ ఫ్లాటుకు ఫైబర్ వేయాల్సి వచ్చింది. పెద్దవాళ్లిద్దరూ ఆ పూట కంటి డాక్టరు దగ్గరికి పోయారు. బిల్డింగులో కింది నుంచి పైకి తీగలు పోయే డక్టులో ఏ ఇబ్బందీ రాలేదు. డక్టు నుంచి ఇంట్లోకి గోడలో ఉన్న పైపు మాత్రం సన్నం, పైగా సిమెంటు జారి సగం పూడింది. మిగిలిన సందులో ఇంటర్‌కమ్ తీగ ఇరుక్కుని ఉంది. పద్ధతి ప్రకారమైతే గోడ వెంబడి ప్లాస్టిక్ పట్టీ కొట్టి, అందులోంచి వేరే దారిన తేవాలి. దానికి పూటంతా పడుతుంది. పద్ధతి కానిది ఇంకోటుంది, ఈ పనిలో చెయ్యనివాడు లేడు: పాత తీగ కొసకు కొత్తది కట్టి, అవతలి నుంచి పాతదాన్ని గుంజడం. కొత్తది దాని వెంట లోపలికి వస్తుంది, పాతది ఊడి చేతికొస్తుంది.

"సార్, గిది ఇంటర్‌కమ్‌ది. గుంజితే మళ్ల ఎక్కది," అన్నాడు ఎల్లేశ్ అప్పుడు.

"ఈ రోజుల్లో ఇంటర్‌కమ్ ఎవడు వాడతాడయ్యా? పీకెయ్. నాకు మీటింగుంది."

గుంజాడు. బోసి గోడ బాగుండదని, తీగ లేని ఫోన్ను మళ్లీ అదే మేకుకు తగిలించి పోయాడు.

ఇప్పుడు పైకి పోతే జయకృష్ణ తలుపు తీశాడు. గుండు మీద వెంట్రుకలింకా మొలవలేదు. వంటింట్లో అరుణకుమారిగారు ఫోను చూపించింది.

"ఎన్నిసార్లు నొక్కానో బాబూ. ఇంట్లో మనిషిలా చూసుకున్నాం నారయ్యని."

ఎల్లేశ్ ఫోన్ను మేకు మీంచి తీశాడు. వెనక ఏమీ లేదు. జయకృష్ణ కూడా చూశాడు. పీకమన్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఎల్లేశ్‌ను లిఫ్టు దాకా లాక్కుపోయాడు.

"పీకింది నువ్వేగా?"

"పీకమన్నది మీరే గద సార్."

జయకృష్ణ వెనక్కి తిరిగి ఇంటి తలుపు వైపు చూశాడు.

"అమ్మకు తెలియకూడదు," అన్నాడు జయకృష్ణ. "కొత్త తీగ వేసెయ్."

"మరి నారయ్య మామ?"

"బయటపెడితే నిన్ను మళ్లీ ఈ గేట్లోకి రానిస్తారా? ఆలోచించుకో."

ఎల్లేశ్ ఆలోచించుకున్నాడు. లిఫ్టు కిందికి దిగేలోపే అయిపోయింది ఆ ఆలోచన.

"ఏం జెప్పినవ్ అల్లుడా?" నారయ్య ఎదురొచ్చాడు.

"చెడిపోయింది మామ. బాగు చేస్త."

"ఎప్పుడు చెడిపోయిందో చెప్పినవా సారుకు?"

"చెప్త."

యాదలక్ష్మి అతని మొహంలోకి చూసింది. "మా ఇంట్ల బువ్వ తిని పెరిగినవ్ ఎల్లేశూ. నీ మొఖం నాకు ఎరుకే," అని లోపలికి పోయి గిన్నెలు మూట కట్టసాగింది.

మూడోనాడు మధ్యాహ్నం ఎల్లేశ్ పట్టీ కొట్టి, పద్ధతి ప్రకారం తీగ తెచ్చాడు. పూటంతా పట్టింది. కింది కొస కలపాల్సింది వాచ్‌మన్ గదిలో. తలుపు బార్లా తీసి ఉంది. పొయ్యి పెట్టిన చోట గోడ మీద మసి, మూలన ఫోను. ఇంకేం లేదు.

పైకొచ్చి, "అమ్మా, ఒకపారి నొక్కుండ్రి," అన్నాడు.

నారయ్యను పంపేసినట్టు ఆవిడకు ఎవరూ చెప్పలేదు. కళ్లజోడు సర్దుకుని తొమ్మిది నొక్కింది. కింద ఖాళీ గదిలో ఫోను మోగడం మెట్ల మీదుగా పైదాకా వినబడింది. జయకృష్ణ నేల చూపులు చూస్తున్నాడు. ఎల్లేశ్ స్క్రూడ్రైవరు సంచిలో వేసుకున్నాడు.

ఆవిడ చాలాసేపు ఫోను చెవికి ఆనించుకునే ఉంది.

"మోగుతోంది," అంది. "చూశావా బాబూ, ఇప్పుడు కూడా ఎత్తట్లేదు."