మజ్జిగలో ఉప్పు

అద్దపు గొట్టంలో నీటి మట్టం సగానికి పైన నిలబడేదాకా గోవిందస్వామి బాయిలరు ముందు నుంచి కదలడు. ఆ పొద్దు కూడా ఆరు కాకముందే అడుగు కుళాయి తిప్పి మురికినీళ్ళు వదిలాడు, పొయ్యిలోకి వేరుశనగ పొట్టు ఎత్తించాడు, ఆవిరి ఒత్తిడి చూపే గేజి ముల్లు ఎనిమిది మీదికి వచ్చాకనే తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. చిత్తూరు శివారులోని ఆ మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో ఇరవై రెండు సీజన్లుగా అతని పని ఇదే. బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలబడి ఉన్నాయి. ఆవిరి ఆగితే గుజ్జు పులుస్తుంది. గుజ్జు పులిస్తే మేనేజరు నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

చూడటానికి గట్టి మనిషే. నలభై తొమ్మిదేళ్ళు, వెడల్పాటి భుజాలు, మోచేతుల దాకా కాలిన మచ్చలు. కాళ్ళు మాత్రం రెండేళ్ళుగా మాట వినడం లేదు. పిక్కలు పట్టేస్తాయి, మెట్టెక్కబోతే మోకాలు లేవదు. బీపీ ఏడేళ్ళ నుంచీ ఉంది. పూటకు మూడు మాత్రలు మింగినా నూట ఎనభై కిందికి దిగి చావదు. ఊరగాయ మానెయ్యమన్నారు, మానేశాడు. అప్పడం జోలికి పోలేదు.

కిందటి నెల తిరుపతిలో డాక్టరు రూపశ్రీ అతని రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చదివింది.

"మీకు పొటాషియం బాగా తక్కువగా ఉంది. మూత్రపిండం పైన చిన్న గ్రంథి ఉంటుంది. అది ఆల్డోస్టెరాన్ అనే హార్మోనును అవసరానికి మించి వదులుతోందని నా అనుమానం. అది ఒంట్లో ఉప్పును పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. బీపీ అందుకే, కాళ్ళ నీరసమూ అందుకే."

గోవిందస్వామి దాన్ని తన బాయిలరు లెక్కలో చూసుకున్నాడు. "అంటే మేడమ్, ఇన్నేండ్లూ వాల్వు ఎత్తి ఆవిరి వదిలినాము గాని, పొయ్యిలో పొట్టు ఎవురేస్తాండారో సూడలేదంటారు."

ఆమె నవ్వేసింది. "అంతే. ఒక పక్కన చిన్న గడ్డ ఉంటే తీసేయొచ్చు, లేదంటే దానికి వేరే మందులున్నాయి. ముందు ఆ హార్మోను పరీక్ష జరగాలి. పొటాషియం ఇంకా పడిపోతే గుండెకే ప్రమాదం, ఆలస్యం చెయ్యకండి. ఉప్పు ఎక్కువైన కొద్దీ పొటాషియం ఇంకా పోతుంది. తగ్గించారా?"

"ఊరగాయ ముట్టి ఏడేండ్లాయ మేడమ్" అన్నాడు గర్వంగా.

మజ్జిగ సంగతి ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది? బాయిలరు దగ్గర పనిచేసే ప్రతివాడూ ఉప్పు మజ్జిగ తాగుతాడు. చెమటలో పోయిన ఉప్పు తిరిగి ఒంట్లో పడకపోతే పిక్కలు పట్టేస్తాయని అందరికీ తెలిసిందే కదా. కూరలో వేస్తే ఉప్పు, మజ్జిగలో వేస్తే చలవ. అతని కాళ్ళు పట్టేసిన కొద్దీ భార్య జ్ఞానాంబ ఇంకో చెంచా వేస్తూ వచ్చింది. ప్రేమతోనే వేసింది, పాపం.

పరీక్షకిచ్చిన తేదీ రెండుసార్లు దాటిపోయింది. బాయిలరు చూసే ఇంకో మనిషి రాత్రి షిఫ్టుకు ఒక్కడే ఉన్నాడు, సీజనులో సెలవెవరిస్తారు? మూడోసారి ఇచ్చిన తేదీ రేపే. బతిమాలగా బతిమాలగా మేనేజరు ఒప్పుకున్నాడు.

ఆ పొద్దున పనికి బయల్దేరేటప్పుడు ఇంట్లో ఉప్పు డబ్బా అడుగంటింది. "ఒక్క సెంచానే ఉండింది, ఏసినా. కాళ్ళు జాగర్తయ్యా" అంది జ్ఞానాంబ, మజ్జిగ బాటిలు మూత బిగిస్తూ.

"రేపు తిరపతిలో డాక్టరమ్మ సూసుకుంటాదిలే" అన్నాడు. ఏడేళ్ళలో మొదటిసారి అతనికి తన ఒంటిమీద ఆశ పుట్టింది.

మధ్యాహ్నం రెండు గంటలప్పుడు రెండు కాళ్ళూ ఒకేసారి చచ్చుబడ్డాయి. ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. పొట్టు ఎత్తే మునికుమార్, ఇద్దరు బిడ్డల తండ్రి, పార వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటికన్నా, పట్టేసినాయా?"

"పట్టేసినాయప్పా. ఇంటికాడ ఉప్పు తక్కవైపాయ."

మునికుమార్ క్యాంటీనుకు పోయి గుప్పిట్లో ఉప్పు తెచ్చి బాటిల్లో పోసి కుదిపాడు. "తాగన్నా, సర్దుకుంటాది."

గోవిందస్వామి సగం దాకా తాగాడు. గుండె ఒకసారి తడబడి మళ్ళీ నడిచింది.

"ముల్లు యాడ ఉండాది?"

"ఎనిమిది మీదే ఉండాదన్నా."

"రేపు నేనుండను. అద్దం మీద ఒక కన్నేసి పెట్టు."

మునికుమార్ పొయ్యి దగ్గరికి పోయాడు. కాసేపటికి తల ఎత్తి చూస్తే ముల్లు ఆరుకు దిగి ఉంది. ఏడు కిందికి దిగిందంటే గోవిందస్వామి కేకతో షెడ్డు ఎగిరిపోవాలి. కేక రాలేదు. అతను గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు, కళ్ళు గేజి వైపే ఉన్నాయి.

బాయిలరు ఆగలేదు. రాత్రి షిఫ్టు మనిషిని పిలిపించారు, ట్రాక్టర్లలో కాయలన్నీ దించేశారు. ఆసుపత్రి కాగితంలో బీపీ, గుండె ఆగిపోవడం అని రాశారు. ఆ హార్మోను పేరు ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం షెడ్డుకు వచ్చిన జ్ఞానాంబ ముక్కాలిపీట పట్టుకుని కుప్పకూలింది. "ఈ పొద్దే ఉప్పు తక్కవేసినా. నా సేతులారా నేనే సంపుకుంటినే!"

"అట్లనొద్దు వదినా" అన్నాడు మునికుమార్ కళ్ళు తుడుచుకుంటూ. "నేను కలిపిచ్చినా. బాగానే కలిపిచ్చినా."

పీట పక్కన బాటిలు అలాగే ఉంది. మజ్జిగ విరిగి నీళ్ళు పైకి తేలాయి, అడుగున కరగని ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.